జాగ లేదంటే ఫార్మాట్ కొట్టుడేనా? అపోహలు - వాస్తవాలు

మొన్న ఆదివారం కనగల్ నుంచి ఒక పెద్దాయన బస్సెక్కి నల్లగొండ వచ్చి, గడియారం సెంటర్ దగ్గర మా షాపులో చెమటలు తుడుచుకుంటూ కూర్చున్నాడు. చేతిలో 32 జీబీ పెన్‌డ్రైవ్. బిడ్డ పెళ్లి వీడియో 9 జీబీ ఉంది, ఫోటోగ్రాఫర్ లింక్ పంపాడట. "మూడుసార్లు డౌన్‌లోడ్ పెట్టిన సార్, సగం గాకముందే జాగ లేదంటది. చూస్తేనేమో 20 జీబీ ఖాళీ ఉన్నది. మా వాడకట్టు పిలగాడు ఫార్మాట్ కొట్టమన్నడు గానీ అండ్ల మా నాయిన ఫోటోలున్నయ్, భయమైంది." కొట్టకుండా తెచ్చినందుకు నాకు ప్రాణం లేచొచ్చింది. ఎందుకంటే ఫార్మాట్ అంటే లోపలున్నవన్నీ తీసేసి డ్రైవ్‌ను కొత్తగా తయారుచెయ్యడం, వారానికి ఇద్దరు ముగ్గురు అది కొట్టేసి, ఆ తర్వాత వస్తారు.

అపోహ: ఖాళీ ఉన్నా జాగ లేదంటే పెన్‌డ్రైవ్ ఖరాబైనట్టే, ఫార్మాట్ కొడితే బాగవుతుంది.

ఖరాబు కాలేదు. 32 జీబీ, అంతకంటే చిన్న పెన్‌డ్రైవ్‌లు ఎక్కువగా ఫ్యాట్32 అనే ఫైల్ సిస్టమ్‌తో, అంటే ఫైళ్లను డ్రైవ్‌లో అమర్చే పద్ధతితో వస్తాయి. ఇది 1996లో విండోస్ 95 కాలంలో వచ్చింది. ఒక్కో ఫైల్ సైజు రాసుకోవడానికి ఇందులో 4 బైట్లే ఉంటాయి, అందులో పట్టే పెద్ద అంకె 4,294,967,295. అంటే ఒక్క ఫైల్ 4 జీబీకి చేరకూడదు. 20 జీబీ ఖాళీలో రెండేసి జీబీల ఫైళ్లు తొమ్మిది నిమ్మళంగా పడతాయి, 5 జీబీ ఫైల్ ఒక్కటి కూడా పట్టదు. కొన్ని ప్రోగ్రాములు ఫైల్ పెద్దదైందని సరిగ్గానే చెబుతాయి, కొన్ని స్పేస్ లేదని అంటాయి, జనం ఆ రెండో మాట పట్టుకుని పరేషాన్ అవుతారు. డేటా ప్యాక్ కూడా వృథా.

పెన్‌డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరవండి, ఫైల్ సిస్టమ్ దగ్గర ఫ్యాట్32 అని ఉంటే సంగతి అదే. పెద్ద ఫైళ్లు పట్టే ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైల్ సిస్టమ్‌గా మార్చాలి, దానికి ఫార్మాట్ చెయ్యక తప్పదు, కానీ లోపలున్నదంతా ముందు కంప్యూటర్‌లోకి కాపీ చేసి, నాలుగైదు ఫైళ్లు తెరిచి చూసుకున్నాకే. వద్దనుకుంటే విండోస్‌లో కన్వర్ట్ అనే కమాండ్ ఉంది, అది డేటా తీసెయ్యకుండానే ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే, పెద్ద ఫైళ్లు పట్టే ఇంకో ఫైల్ సిస్టమ్‌గా మారుస్తుంది, అయినా కాపీ తీసుకోవాల్సిందే. పెన్‌డ్రైవ్ టీవీకి పెట్టాలనుకుంటే మాత్రం ముందు టీవీ సంగతి కనుక్కోండి, కొన్ని పాత టీవీలు ఫ్యాట్32 తప్ప ఇంకోటి చదవవు. పెద్దాయన ఇంట్లో టీవీ కొత్తదే. ఫోటోలన్నీ పక్కన పెట్టి, ఎక్స్‌ఫ్యాట్ చేసి, వీడియో ఎక్కించి, ఫోటోలు మళ్లీ వేశాను. వాళ్ల నాయిన ఫోటో ఒకటి తెరిచి చూపించాకే ఆయన కుర్చీలోంచి లేచాడు.

అపోహ: సి డ్రైవ్ (విండోస్ ఉండే భాగం) నిండి ఎర్రగా అయితే విండోస్ కొత్తగా వెయ్యాల్సిందే.

ఇది నాకు ఇప్పటికీ బాధే. షాపు పెట్టిన కొత్తలో ఒక టీచరమ్మ లాప్‌టాప్‌లో సి డ్రైవ్ నిండి డౌన్‌లోడ్‌లు ఆగిపోతే, ఆమె "మీకెట్ల మంచిదనిపిస్తే అట్ల చెయ్యండి" అంది, నేను సి డ్రైవ్ ఫార్మాట్ చేసి విండోస్ వేసి ఇచ్చాను. డెస్క్‌టాప్ మీద పిల్లల చిన్నప్పటి ఫోటోల ఫోల్డర్ ఉందట. డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్ అన్నీ సి డ్రైవ్‌లోనే ఉంటాయన్న సంగతి ఆమెకు తెలియదు, నేను అడగలేదు. రికవరీ పెడితే సగమే వచ్చాయి, వాటిలోనూ కొన్ని తెరుచుకోలేదు. అప్పటి నుంచి డెస్క్‌టాప్ చూడకుండా ఎవరి సిస్టమ్‌కూ ఫార్మాట్ కొట్టలేదు.

నిజానికి చాలాసార్లు డి డ్రైవ్ ఖాళీగానే ఉంటుంది. బ్రౌజర్ సెట్టింగ్స్‌లో డౌన్‌లోడ్ లొకేషన్ అటు మార్చితే సరిపోతుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డి డ్రైవ్ ఎంచుకున్నా చాలా సెటప్‌లు ముందు సి డ్రైవ్‌లోని టెంప్ అనే తాత్కాలిక ఫోల్డర్‌లో విప్పుకుంటాయి, అక్కడ కూడా కాస్త జాగ కావాలి. జిప్ ఫైల్ (ఫైళ్లను కట్టగట్టిన మూట) అయితే జిప్‌కు వేరుగా, విప్పాక వచ్చే ఫైళ్లకు వేరుగా జాగ కావాలి, 9 జీబీ వీడియో జిప్‌లో వస్తే 18 జీబీ ఉంచుకోండి. మధ్యలో తెగిపోయిన డౌన్‌లోడ్ ముక్కలు కూడా డౌన్‌లోడ్ ఫోల్డర్‌లోనే పడి ఉంటాయి, అవి తీసెయ్యండి. డిలీట్ చేసినవి రీసైకిల్ బిన్‌లో ఉన్నంతకాలం జాగ రాదు.

మిగతావి గబగబా చెప్తా. ర్యామ్ (పని జరిగేటప్పుడు వాడే తాత్కాలిక మెమరీ) పెంచితే డిస్క్‌లో జాగ పెరగదు, రెండూ వేరు. డీఫ్రాగ్ చేసినా, అంటే చెదిరిన ఫైల్ ముక్కలను ఒకచోట సర్దినా పెరగదు. 1 టీబీ డిస్క్ 931 జీబీ అని చూపిస్తే ఎవరూ మోసం చెయ్యలేదు, కంపెనీ వెయ్యితో లెక్కేస్తుంది, విండోస్ 1024తో లెక్కేస్తుంది, అంతే. ఫోన్‌లో క్లీనర్ యాప్‌లు వేసుకోకండి, వాట్సాప్‌లోనే మేనేజ్ స్టోరేజ్ ఉంది, గుడ్ మార్నింగ్ వీడియోలు ఎన్ని జీబీలు తిన్నాయో అక్కడ కనిపిస్తుంది. ఫోన్ సెట్టింగ్స్‌లో యాప్ పేజీలో ఉండే క్లియర్ క్యాష్ (తాత్కాలిక ఫైళ్లు తీసెయ్యడం) నొక్కితే నష్టం లేదు, పక్కనున్న క్లియర్ డేటా (యాప్ దాచుకున్నదంతా తీసెయ్యడం) జోలికి మాత్రం వెళ్లకండి.

ఇప్పటికే ఫార్మాట్ కొట్టేసి, ఇది చదువుతూ గుండె దడగా ఉన్నవాళ్లకు: టెన్షన్ పడకండి, అందులో ఇంకో ఫైల్ కూడా వెయ్యకుండా వెంటనే తీసి పక్కన పెట్టండి. పెన్‌డ్రైవ్, మామూలు హార్డ్‌డిస్క్‌లలో క్విక్ ఫార్మాట్ చేస్తే పాత ఫైళ్లు చాలావరకు లోపలే ఉంటాయి, కొత్తవి వాటి మీద పడితేనే పోతాయి. ఎస్‌ఎస్‌డీలో (తిరిగే పళ్లెం లేకుండా చిప్‌లతో చేసిన డిస్క్) అంత ఆశ ఉండదు, ఖాళీ అయిన జాగను అది తనంతట తానే తుడిచేసుకుంటుంది. రికవరీ సాఫ్ట్‌వేర్‌ను అదే డిస్క్‌లో ఇన్‌స్టాల్ చెయ్యకండి, తిరిగొచ్చిన ఫైళ్లను కూడా వేరే డిస్క్‌లోనే సేవ్ చెయ్యండి.