ట్యాంకు నెత్తి మీదే, షవర్లో మాత్రం చుక్కలు

చిన్నూకి, బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న బుజ్జి ఫోన్లో మంచి ప్రశ్న వేసింది. ట్యాంకు మేడ మీదే ఉంది, మా బాత్రూం సరిగ్గా దాని కిందే ఉంది, మరి మా షవర్లో నీళ్లు చుక్కలు చుక్కలుగా వస్తే, అంత దూరాన కింద వంటింట్లో ధారగా ఎలా దూకుతున్నాయి అని. దగ్గరున్నవాళ్లకే ఎక్కువ దక్కాలని నీ లెక్క. నీళ్ల లెక్క వేరు.

సంక్రాంతికి వచ్చినప్పుడు రైస్ మిల్లులో బస్తాల నెట్టు చూశారుగా. పై నుంచి రెండో బస్తా మీద ఉండేది ఒక్క బస్తా బరువే. అట్టడుగు బస్తా మాత్రం పైవాటి బరువంతా మోస్తూ పలకలా అణిగిపోయి ఉంటుంది. పైపులో నీళ్లూ అలాగే ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. పది మీటర్ల ఎత్తు నీళ్లుంటే కింద చదరపు సెంటీమీటరు మీద సుమారు కిలో బరువు పడుతుంది. మీ షవర్‌కి ట్యాంకుకి మధ్య ఎత్తు మీటరున్నరకు మించదు. వంటింటి కుళాయికి ఐదు మీటర్ల పైమాటే. ఇక చూసుకోండి.

మీ నాన్న ఇంకా పెద్ద ట్యాంకు కొంటానంటున్నాడట. వద్దని చెప్పండి. ఒక నెట్టు పక్కన ఇంకో పది నెట్లు కడితే మాత్రం మొదటి నెట్టులో అడుగు బస్తా మీద బరువు పెరుగుతుందా? కావాల్సింది ఎత్తు. ట్యాంకు కింద దిమ్మె లేపడమో, ట్యాంకు దగ్గర ప్రెషర్ పంపు పెట్టడమో చెయ్యాలి.

గుమ్మం సంగతి కూడా ఉంది. ఎన్ని బస్తాలున్నా గుమ్మం ఇరుకైతే హమాలీలు ఒక్కొక్కరుగానే రావాలి. అర అంగుళం పైపు కంటే అంగుళం పైపు నోరు నాలుగు రెట్లు. వంపు వంపుకీ హమాలీ ఆగి భుజం మార్చుకుంటాడు, పైపులో ఆ వంపులే ఎల్బోలు. మూడు బాత్రూముల వాళ్లూ ఒకేసారి పిలిస్తే అందరి దగ్గరికీ వాడొక్కడే పరుగెత్తాలి. అందుకే అంత పెద్ద ఇంట్లో ఒకే సన్నపైపుతో సరిపెట్టకూడదు. ట్యాంకు నుంచి లావు పైపు దింపి, బాత్రూం బాత్రూంకి విడిగా లైను ఇవ్వాలి. పాత ఇనప పైపులైతే లోపల తుప్పు పట్టి గుమ్మం సగం మూసుకుపోతుంది. ఈ బస్తాలు ఇంకెంత దూరం మోయిస్తావు తాతయ్యా అంటారేమో, సరే, దింపేశాను.

మా చిన్నప్పుడు మాది వీధి చివరి ఇల్లు. మునిసిపాలిటీ నీళ్లు పొద్దున ఓ గంట వచ్చేవి. కుళాయి ఎంత కిందుంటే అంత ధార అని ఎవరు కనిపెట్టారో గానీ, ఇంటి ముందు గుంట తవ్వి, పైపు కోసి, కుళాయి అందులో పెట్టేవారు. మా అమ్మ మోకాళ్ల లోతు గుంటలోకి దిగి బిందె పెట్టేది, నేను పైనుంచి అందుకునేవాణ్ణి. పక్కింటివాళ్లు ఇంకో అడుగు లోతు తవ్వారు. మాకు ధార తగ్గింది. మేమూ తవ్వాం. చివరికి వీధంతా గుంటలే, నీళ్లు మాత్రం అన్నే! ఇప్పుడు గుంటలు పోయి మోటార్లొచ్చాయి. మునిసిపాలిటీ పైపుకే మోటారు బిగించి లాగేస్తారు. పక్కవాళ్ల వాటా లాగడమే కాదు, పైపుకి ఎక్కడైనా చిల్లుంటే మురుగు కూడా లోపలికొస్తుంది. మీ పంపు మీ ట్యాంకు నుంచి దిగే పైపుకే ఉండాలి, నాన్నకు గట్టిగా చెప్పండి.

ప్లంబర్‌ని పిలిచే ముందు మీరో పని చెయ్యండి. షవర్ మూతి తిప్పి తీస్తే లోపల చిన్న జాలీ ఉంటుంది. బోరు నీళ్లు కదా, తెల్లగా సున్నంలా పేరుకుని ఉంటుంది. రాత్రి వెనిగర్‌లో నానబెట్టి, పొద్దున పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. ట్యాంకు దగ్గర వాల్వు పూర్తిగా తెరిచి ఉందో లేదో నాన్నతో కలిసి మేడెక్కి చూడండి. తర్వాత అదే బకెట్టు పైన ఎన్ని సెకన్లలో నిండిందో, కింద ఎన్ని సెకన్లలో నిండిందో రాసి నాకు పంపండి. నిండిన బకెట్టు పారబొయ్యకండి, నాయనమ్మ మందార మొక్కకు పొయ్యండి.

మీ తాతయ్య