అకాషి ముందు ఆరడుగులవాళ్లు ఎందుకు చతికిలబడతారు?

‘కురోకో నో బాస్కెట్’ అనే బాస్కెట్‌బాల్ అనిమే (జపాన్ యానిమేషన్ సీరియల్) చూసిన ఒక కుర్రాడు అడిగాడు: రకుజాన్ టీమ్ కెప్టెన్ అకాషి ఎత్తు 173 సెంటీమీటర్లే కదా, అతను బంతితో ఎదురొస్తే అడ్డుకునే అంతంత పొడుగువాళ్లు చెయ్యి కూడా తగలకుండానే ఎలా పడిపోతారు, ఇదంతా కల్పనేనా అని. కాదు. నిజం ఆటలోనూ పడతారు. కథ సంగతి పక్కన పెడదాం, నాకు ఆ పడినవాడి కాళ్లమీదే ఆసక్తి.

గురుత్వ కేంద్రం పాదాల మధ్య ఉంటే పడిపోం అని బడిలో చెప్పి వదిలేస్తారు. అది కదలకుండా నిలబడ్డవాడి లెక్క. కదిలేవాడికి వేగం కూడా కలుస్తుంది. గురుత్వ త్వరణం 9.8ని గురుత్వ కేంద్రం ఎత్తుతో భాగించి వర్గమూలం తీయండి, వేగాన్ని దానితో భాగించండి. గురుత్వ కేంద్రం కంటే అన్ని మీటర్లు ముందు పాదం పడితేనే ఆ అడుగుమీద ఆగగలం. కేంద్రం మీటరు ఎత్తులో ఉండి, సెకనుకు 2 మీటర్ల వేగంతో పక్కకి జరిగేవాడికి అది 64 సెంటీమీటర్లు! అతను అడ్డుకోవడానికి కుడికి జరుగుతుంటే ఎదుటివాడి బంతి ఠక్కున ఎడమకి మారిందనుకోండి. కంగారులో 40 దగ్గరే కాలు వేస్తాడు. ఒళ్లు ఆ కాలిని దాటి పోతుంది, రెండో కాలు ఇంకా వెనకే ఉంటుంది, ఇక పడక ఏం చేస్తాడు?

అకాషి గొప్పతనం ఆ క్షణాన్ని పట్టుకోవడమే. బరువంతా ఒక కాలిమీద దిగాక ఆ కాలిని ఎత్తలేం, కబడ్డీలో రైడర్ కార్నర్‌లో ఉన్నవాడి పాదాలు చూసేది ఇందుకే. పైగా కంటికి కనిపించినదానికి ఒళ్లు స్పందించడానికి 0.2 సెకన్లు పడుతుంది, సెకనుకు 4 మీటర్ల వేగంతో పోయేవాడు ఈలోపు 80 సెంటీమీటర్లు దాటేస్తాడు.

ఎదుటివాడి కదలికని ముందే పసిగట్టే అతని ‘ఎంపరర్ ఐ’ని దివ్యదృష్టిలా చూపించారు గానీ దాని విత్తనం నిజమే. 2008లో ఇటలీ పరిశోధకులు ఫ్రీ త్రో (ఎవరూ అడ్డులేకుండా బుట్టలోకి వేసే బంతి) వీడియోలను మధ్యలో ఆపి బంతి పడుతుందా లేదా అని అడిగితే, ఆడేవాళ్లు బంతి చెయ్యి దాటకముందే, ఒంటి కదలికని బట్టి చెప్పగలిగారు. కోచ్‌లు, క్రీడా విలేకరులు అంత ముందుగా చెప్పలేకపోయారు.

మరి పొట్టితనం? ఒకే ఆకారం అనుకుంటే బలం ఎత్తు వర్గంతో పెరుగుతుంది, బరువు ఘనంతో పెరుగుతుంది. అంటే అదే అనిమేలోని 208 సెంటీమీటర్ల ఆటగాడు మురసకిబర కంటే అకాషికి కిలో బరువుకి 20 శాతం ఎక్కువ బలం, ఆగి తిరగడానికి అదే కావాలి. కడ్డీ పట్టుకుని వేలాడితే, డబ్బాల్లో పొడులు తాగితే పొడుగవుతారని పిల్లల్ని వేధించేవాళ్లు జపాన్ బాస్కెట్‌బాల్ జట్టుని చూడాలి. 2023 ప్రపంచకప్‌లో ఆ జట్టు పారిస్ ఒలింపిక్స్ బెర్తు సంపాదించింది, అప్పటి కెప్టెన్ యుకి తొగాషి ఎత్తు 167 సెంటీమీటర్లు.

ఇలా పడిపోవడానికి విరుగుడు కూడా ఆ అడుగుల లెక్కలోనే ఉంది. మోకాళ్లు వంచి, పొట్టి పొట్టి అడుగులు వేస్తూ జరగాలి, అప్పుడు బరువు ఒక్క కాలిమీద ఉండే సమయం తగ్గుతుంది. కళ్లు బంతిమీద కాకుండా ఎదుటివాడి నడుంమీద పెట్టాలి, ఎందుకంటే చేతులూ తలా ఎటైనా ఊపి మోసం చేయొచ్చు గానీ నడుం కదలకుండా ఎవడూ ఎటూ పోలేడు.