ఆ ట్యాంకు ఎందుకు దిగలేదంటే

ప్రియమైన పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు.

1971 యుద్ధంలో ట్యాంకులో పోరాడుతూ చనిపోయి, మన సైన్యంలో అన్నిటికంటే పెద్ద శౌర్య పతకం పరమవీర చక్ర పొందిన అరుణ్ ఖేతర్‌పాల్ గురించి మీరు అడిగిన ప్రశ్న నాకు చాలా నచ్చింది. "ట్యాంకుకి మంటలంటుకుంటే, దిగి వచ్చెయ్యమని పై ఆఫీసరే చెబితే ఎందుకు దిగలేదు తాతయ్యా? ఆర్మీలో మాట వినకపోవడం తప్పు కదా?" అన్నారు. ఇది ఫోన్లో రెండు ముక్కల్లో తేలిపోయే సంగతి కాదు, అందుకే ఉత్తరం రాస్తున్నాను. కొంచెం పెద్దదే. తీరిగ్గా చదువుకోండి.

అరుణ్ 1950 అక్టోబర్ 14న పుణెలో పుట్టాడు. వాళ్ళ నాన్నగారు ఆర్మీలో ఇంజనీరింగ్ విభాగం ఆఫీసరు, తర్వాత బ్రిగేడియర్ అయ్యారు. తాతగారు మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేశారు. అలాంటి ఇంట్లో పెరిగినవాడు సనావర్‌లోని లారెన్స్ స్కూల్లో చదివి, 1967లో నేషనల్ డిఫెన్స్ అకాడమీలో చేరాడు. 1971 జూన్ 13న సెకండ్ లెఫ్టినెంట్‌గా 17 పూనా హార్స్ అనే ట్యాంకుల రెజిమెంటులో అడుగుపెట్టాడు. ఆ తేదీ గుర్తుపెట్టుకోండి. అక్కడి నుంచి అతని ఆఖరి రోజుకి మధ్య ఉన్నది ఆరు నెలల మూడు రోజులే. ఆఫీసర్ల ర్యాంకుల్లో అందరికంటే కింది మెట్టు, ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు, అహ్మద్‌నగర్‌లో కొత్త ఆఫీసర్లకిచ్చే శిక్షణ ఇంకా నడుస్తోంది. అంతలో రెజిమెంటుకి తిరిగి రమ్మని కబురొచ్చింది.

దారిలో ఢిల్లీలో ఇంటికి వెళ్ళి, గోల్ఫ్ కర్రలు, విందుల్లో వేసుకునే నీలం యూనిఫాం సర్దుకున్నాడట. ఇవెందుకురా అంటే లాహోర్‌లో గోల్ఫ్ ఆడతాను, గెలిచాక విందు ఉంటుంది కదా అన్నాడట. ఇరవై ఒక్క ఏళ్ళ కుర్రాడి మాటలే అవి. అతని గురించి చదివినప్పుడల్లా నాకు పతకం కంటే ముందు ఆ గోల్ఫ్ కర్రలే కళ్ళ ముందుకొస్తాయి.

ఇక యుద్ధం. తూర్పు పాకిస్తాన్‌లో, అంటే ఇప్పటి బంగ్లాదేశ్‌లో, పాక్ సైన్యం దారుణాలు తట్టుకోలేక కోటి మంది దాకా శరణార్థులు మన దేశంలోకి వచ్చేశారు. 1971 డిసెంబర్ 3న పాకిస్తాన్ విమానాలు మన విమానాశ్రయాల మీద బాంబులు వేయడంతో పశ్చిమ సరిహద్దులోనూ యుద్ధం మొదలైంది. అక్కడ షకర్‌గఢ్ అనే ప్రాంతం ఉంది. మ్యాప్ తీసి చూడండి, పాకిస్తాన్ నేల మన వైపుకి మోచెయ్యి పొడిచినట్టు ఉంటుంది. దానికి దగ్గర్లోనే పఠాన్‌కోట్ నుంచి జమ్మూ వెళ్ళే రోడ్డుంది. ఆ రోడ్డు తెగితే జమ్మూకి, కశ్మీర్‌కి సరుకు, సైన్యం పంపడం ప్రాణాంతకమైపోతుంది. అందుకే మన వాళ్ళే ముందుగా ఆ మోచేతిలోకి చొచ్చుకెళ్ళారు.

బసంతర్ నది దాటడం అసలు పరీక్ష. డిసెంబర్ 15 రాత్రికి మన పదాతి దళం అవతలి ఒడ్డుకి చేరి కాస్త జాగా పట్టుకుంది. కాలినడకన వెళ్ళిన సైనికుల దగ్గర ట్యాంకుల్ని ఎదుర్కొనే ఆయుధాలు తక్కువ. తెల్లారేసరికి వాళ్ళ వెనక మన ట్యాంకులు చేరాలి. మధ్యలో మందుపాతరలు. ఇంజనీర్లు వాటిని సగం దాకా తీశారో లేదో, అవతల శత్రువు ట్యాంకులు కదులుతున్నాయని వార్త వచ్చింది. మిగతా దారి శుభ్రం చేసేదాకా ఆగితే పదాతి దళం మిగలదు. పూనా హార్స్ ఆగలేదు. పాతరలున్న నేల మీదుగానే చీకట్లో ట్యాంకులు నడిపించి, తెల్లవారేలోగా అవతలికి చేరింది. నన్నడిగితే ఆ రెజిమెంటు మొత్తానికీ పతకం ఇవ్వాల్సిన రాత్రి అది.

ఇక్కడ ట్యాంకు గురించి కొంచెం చెప్పాలి. మీరు వీడియో గేముల్లో చూసే ట్యాంకులో మీకు చుట్టూ అంతా కనిపిస్తుంది. నిజం ట్యాంకులో కనిపించదు. అరుణ్ ట్యాంకు పేరు ఫామగుస్తా. సెంచూరియన్ రకం, బరువు 50 టన్నుల పైమాటే. లోపల నలుగురు. డ్రైవరు ముందు, కింద కూర్చుంటాడు, అతనికి చిన్న సందులోంచి కనిపించినంతే దారి. గన్నరుకి గురి చూసే అద్దంలో పడిందే లోకం. ఇంకొకరు గుండ్లు పెడుతూ రేడియో చూసుకుంటారు. పైన కమాండరు, చాలాసార్లు తల బయటకి పెట్టి, చుట్టూ చూసి, ఎటు తిప్పాలో ఎవరిని కొట్టాలో చెబుతూ ఉంటాడు. మిగతా ముగ్గురికీ కళ్ళు ఆయనే. ఆ ఇంజను నడిచేది పెట్రోలు మీద. చుట్టూ పేలే గుండ్లు పేర్చి ఉంటాయి. మంట అంటుకుంటే ఏమవుతుందో లోపలున్న ప్రతి ఒక్కరికీ తెలుసు.

డిసెంబర్ 16 ఉదయం ఎనిమిదింటికి ఆ అవతలి ఒడ్డున జర్పాల్ అనే ఊరి దగ్గర, పొగ తెర వెనక నుంచి 13 లాన్సర్స్ అనే పాకిస్తాన్ రెజిమెంటు ట్యాంకులు మీద పడ్డాయి. అక్కడున్న మన స్క్వాడ్రన్, అంటే రెజిమెంటులో ఒక భాగం, రేడియోలో సాయం అడిగింది. ఆ పిలుపు వేరే స్క్వాడ్రన్‌లో ఉన్న అరుణ్ విన్నాడు, తన ట్యాంకులతో బయల్దేరాడు. దారిలో శత్రువు బలమైన స్థావరాల నుంచి కాల్పులు. వాటి మీదకే ట్యాంకులు తోలాడు, పిస్టల్ చూపించి శత్రు సైనికులను పట్టుకున్నాడు. అతని ట్యాంకుల్లో ఒకదాని కమాండరు అక్కడే చనిపోయాడు. అయినా ముందుకే వెళ్ళాడు.

తర్వాత శత్రువు తేరుకుని మళ్ళీ వచ్చాడు. ఈసారి వాళ్ళు గురిపెట్టిన చోట మన ట్యాంకులు మూడే ఉన్నాయి. ఆ పోరులో పది శత్రు ట్యాంకులు ధ్వంసమయ్యాయి. అందులో నాలుగు అరుణ్ కొట్టినవే. కానీ మన మూడింట్లో ఒకదానికి గుండు తగిలింది, ఇంకోదాని గన్ మొరాయించింది. మిగిలింది ఫామగుస్తా ఒక్కటి. దానికీ దెబ్బ తగిలి మంటలు లేచాయి, అరుణ్‌కి తీవ్ర గాయాలయ్యాయి. దిగి వచ్చెయ్యమని రేడియోలో చెప్పారు. దిగనని, తన గన్ ఇంకా పనిచేస్తోందని జవాబిచ్చాడు.

ఇప్పుడు మీ ప్రశ్నకి వద్దాం. ఆ ఆదేశం అతని ప్రాణం కాపాడటానికి ఇచ్చింది. ఆ ఆఫీసరుకి ఆ కుర్రాడి మీద ఉన్న ప్రేమ అది. కానీ ఎదురుగా ఏముందో చూస్తున్నది అరుణ్. శత్రు ట్యాంకులు ఇంకా వస్తూనే ఉన్నాయి. అతను పక్కకి తప్పుకుంటే అక్కడ అడ్డుపడేవాళ్ళు లేరు, రాత్రంతా ప్రాణాలకు తెగించి పట్టుకున్న జాగా పోతుంది, వెనకున్న పదాతి దళం ట్యాంకుల కింద నలుగుతుంది. కోపంతోనో పేరు కోసమో కాదర్రా. ఆ క్షణంలో అక్కడ ఇంకెవరూ లేరని అతనికి అర్థమైంది. అతని పరమవీర చక్ర ప్రశంసాపత్రంలో కూడా రాసింది ఇదే: తాను వదిలితే శత్రువు చొచ్చుకొస్తాడని గ్రహించి పోరాడాడని. మాట వినలేదని ఎవరూ తప్పు పట్టలేదు.

ఆఖరి శత్రు ట్యాంకు వంద మీటర్ల దూరంలోకి వచ్చాక ఫామగుస్తాకి ఇంకో గుండు తగిలింది. అరుణ్ చనిపోయాడు. రేడియో చూసే సిపాయి నంద్ సింగ్ (ట్యాంకుల రెజిమెంట్లలో సిపాయిని సవార్ అంటారు) కూడా ఆ ట్యాంకులోనే ప్రాణాలు విడిచాడు. శత్రువు మాత్రం ఆ చోట దాటి రాలేకపోయాడు. అదే రోజు సాయంత్రం ఢాకాలో పాక్ సైన్యం లొంగిపోయింది. మర్నాడు కాల్పుల విరమణ. ఒక్క రోజు తేడా, పిల్లలూ. యుద్ధం అయిపోయిందని ఢిల్లీలో వాళ్ళమ్మగారు కొడుకు వస్తాడని గది సర్ది, అతని మోటార్ సైకిలు సర్వీసింగ్ చేయించి ఉంచారట. ఆ తర్వాత వచ్చింది టెలిగ్రాం. వీరుల కథలు చెప్పేటప్పుడు ఈ ముక్క దాటేసే వాళ్ళంటే నాకు కోపం.

పరమవీర చక్ర ఇప్పటిదాకా 21 మందికే ఇచ్చారు, వాళ్ళలో 14 మందికి చనిపోయాకే. సావిత్రీ ఖానోల్కర్ గీసిన ఆ కంచు పతకం మీద ఇంద్రుడి వజ్రాయుధం నాలుగు వైపులా ఉంటుంది. దధీచి మహర్షి తన ఎముకలే ఇచ్చిన కథ మీకు తెలుసుగా, ఆ వజ్రాయుధమే. 2023లో అండమాన్‌లో 21 దీవులకు ఈ వీరుల పేర్లు పెట్టారు, ఒకటి అరుణ్ పేరు మీద ఉంది.

ఒక్కటి మిగిలింది. వాళ్ళ నాన్నగారిది ఇప్పటి పాకిస్తాన్‌లోని సర్గోధా. పుట్టిన ఊరు చూడాలని 2001లో, ఎనభై దాటిన వయసులో వెళ్ళారు. లాహోర్‌లో ఆయనకి ఆతిథ్యం ఇచ్చింది అక్కడి రిటైర్డ్ బ్రిగేడియర్ ఖ్వాజా మహమ్మద్ నాసర్. ఎంతో మర్యాదగా చూసుకున్నారు. తిరిగి వచ్చే ముందు రాత్రి, బసంతర్‌లో మీ అబ్బాయికి ఎదురుగా ఉన్న ట్యాంకు నాదే, నా చేతుల్లోనే పోయాడని ఆ పెద్దమనిషి స్వయంగా చెప్పారు. అతని ధైర్యానికి సెల్యూట్ చేస్తున్నానని కూడా అన్నారు. చెప్పకపోయినా ఎవరికీ తెలిసేది కాదు. ఆ తండ్రి విన్నారు, పరుషంగా మాట్లాడలేదు. ఇద్దరూ సైనికులే కదా. మీ స్నేహితులకి ఈ కథ చెప్పేటప్పుడు నాసర్ గారి పేరు కూడా చెప్పండి.

అదే జర్పాల్‌లో 3 గ్రెనేడియర్స్ అనే పదాతి దళానికి చెందిన మేజర్ హోషియార్ సింగ్‌కీ పరమవీర చక్ర వచ్చింది. ఆయన గాయాలతో బతికి బయటపడ్డారు. ఆ సంగతులు వచ్చే ఉత్తరంలో రాస్తాను. ఈలోగా మ్యాప్‌లో బసంతర్ ఎక్కడుందో వెతికి నాకు చెప్పండి.

ఇట్లు,
మీ తాతయ్య