ఉలుకూ పలుకూ: పసిపిల్లల స్పృహను కొలవడం వెనక కథ

మంచం మీంచి పడిన ఎనిమిది నెలల పాపను ఎత్తుకుని తల్లి ఎమర్జెన్సీకి పరుగెత్తుకొస్తుంది. డ్యూటీ డాక్టర్ చేతిలోని ఫారంలో ‘మాట’ అని ఒక గడి. ఎవరు, ఎక్కడున్నారు, ఇది ఏ నెల అన్నవి సరిగ్గా చెబితే 5 మార్కులు. పాప పడకముందు కూడా అవేవీ చెప్పలేదు. మరి ఆ గడిలో ఏం వేయాలి?

ఆ గడి 1974 నాటిది. స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో టీస్‌డేల్, జెనెట్ అనే ఇద్దరు న్యూరోసర్జన్లు స్పృహ ఎంతుందో మార్కుల్లో చెప్పే కోమా స్కేలును లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రచురించారు. అంతకుముందు ఒకరు ‘మగత’ అన్నదాన్ని ఇంకొకరు ‘కోమా’ అనేవారు. వీళ్లు మూడే చూడమన్నారు: కళ్లు తెరవడం, మాట, కదలిక. మనం ‘ఉలుకూ పలుకూ లేదు’ అంటామే, దాదాపు అదే. తర్వాత కళ్లకు 4, మాటకు 5, కదలికకు 6, మొత్తం 15గా లెక్క స్థిరపడింది. పెద్దవాళ్లకు అది బాగా పనికొచ్చింది. పాలు తాగే బిడ్డకు మాత్రం, ఒంట్లో ఏ నలతా లేకపోయినా, 15 రావు.

1982లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌ డాక్టర్లు సింప్సన్, రైలీ ఈ లోపాన్ని సూటిగా పట్టుకున్నారు. వయసును బట్టి పూర్తి మార్కులే మార్చేశారు: ఆరు నెలల లోపు 9, ఏడాది లోపు 11, రెండేళ్ల లోపు 12, ఐదేళ్ల లోపు 13, ఆపైన 14. ఇతరులు మొత్తం 15నే ఉంచి, మాట స్థానంలో ఏడుపును పెట్టారు. ‘ఉంగా ఉంగా’ అంటుంటే 5, చిరాగ్గా ఏడుస్తుంటే 4, నొప్పి పెడితేనే ఏడిస్తే 3, మూలిగితే 2, ఏమీ లేకపోతే 1. కదలికలోనూ ‘చెప్పిన పని చేయడం’ పోయి ‘తనంతట తాను కాళ్లూ చేతులూ ఆడించడం’ వచ్చింది.

చిక్కు అక్కడితో తీరలేదు. కొత్త చోటు, కొత్త మొహాలు, పైగా ఆకలి. అప్పుడు గుక్కపట్టి ఏడ్చేది మెదడుకు దెబ్బ తగిలా, భయపడా? ఒకరు 4 వేసిన చోట మరొకరు 5 వేస్తారు.

తలదెబ్బలతో సంబంధం లేని ఒక స్కేలు ఇక్కడ గుర్తొస్తుంది. 1980ల చివర్లో ఆఫ్రికాలోని మలావీలో, మెదడుకు సోకిన మలేరియాతో వచ్చే పిల్లల కోసం బ్లాంటైర్ స్కేలు తయారైంది. మొత్తం 5 మార్కులే. అందులో ఒకటి, కళ్లు అమ్మ మొహం వెంట తిరుగుతున్నాయా అన్నదానికి!

నా దృష్టిలో అసలు మలుపు 2009లో వచ్చింది. అమెరికాలో 25 ఎమర్జెన్సీ విభాగాలకు తలదెబ్బలతో వచ్చిన 42 వేల మందికి పైగా పిల్లలను పరిశీలించి, ఎవరికి సీటీ స్కాన్ అక్కర్లేదో తేల్చే నియమాలు రాశారు. చిన్న వయసులో రేడియేషన్ ఊరికే తగలకూడదన్నది వాళ్ల ఆరాటం. రెండేళ్ల లోపు పిల్లల జాబితాలో స్కోరుతో పాటు ఇంకో అంశం చేరింది: బిడ్డ మామూలుగా ఉన్నట్టు తల్లిదండ్రులకు అనిపిస్తోందా? ‘మా పాప ఎప్పటిలా లేదండీ’ అన్న మాటను కంగారు కింద కొట్టిపారేయడానికి ఇక వీల్లేదు.

అందుకే అనుభవమున్న నర్సు పాపను తల్లి ఒడిలోనే ఉంచి, ముద్దుపేరుతో పిలవమంటుంది. పాప తల తిప్పిందా, మొహం వెతికిందా చూసి, మార్కు పక్కన టైము రాస్తుంది. అరగంటకు మళ్లీ వచ్చి, మళ్లీ పిలవమంటుంది.