‘అండ్ల ఏమున్నదో చెప్పకపాయె’: రీసెర్చ్ మీద అపోహలు, వాస్తవాలు

మా పెద్దమ్మ వాళ్ళది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలో ఒక చిన్న ఊరు. పీహెచ్‌డీలో చేరిన కొత్తలో సంచి నిండా ప్లాస్టిక్ సీసాలు వేసుకొని బోరు నీళ్ళు పట్టుకోవడానికి అక్కడికి పోయాను. నీళ్ళలో ఫ్లోరైడ్ ఎంత ఉందో చూడాలంటే గాజు సీసా పనికిరాదు, అది గాజును కూడా వదలదు. బోరింగు దగ్గర నేను సీసాల మీద నంబర్లు రాస్తుంటే పెద్దమ్మ కాసేపు చూసి, “ఇంతకుముందు గూడ ఎవరో సార్లు వచ్చి గిట్లనే తీస్కపోయిండ్రు బిడ్డా, అండ్ల ఏమున్నదో మాకైతే చెప్పకపాయె” అంది. అప్పుడు నవ్వి ఊరుకున్నాను.

నాది సివిల్, అందులో పర్యావరణ ఇంజనీరింగ్. నల్లగొండ దగ్గర ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాను. ఫ్లోరైడ్ పుణ్యమా అని డాక్టర్లతో, కంప్యూటర్ సైన్స్ వాళ్ళతో కలిసి పనిచేయాల్సి వచ్చింది కాబట్టి మూడు శాఖల్లోనూ రీసెర్చ్ ఎలా నడుస్తుందో కొంత దగ్గరగా చూశాను. పెళ్ళిళ్ళలో, బస్సుల్లో, స్టాఫ్‌రూముల్లో దీని గురించి వినే మాటలు కొన్ని ఉన్నాయి. వాటికి నాకు తోచిన జవాబులు ఇవి.

అపోహ: రీసెర్చ్ అంటే ఎవరూ కనిపెట్టనిది కనిపెట్టడం.

మన జిల్లా పేరుతోనే ‘నల్లగొండ టెక్నిక్’ అని ఒకటుంది, నీళ్ళలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతి. అందులో వాడేవి ఏంటంటే పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్. అంతే. ఈ మూడూ అప్పటికే ఏ వాటర్ వర్క్స్‌లో చూసినా ఉన్నవే. నాగ్‌పూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు 1970లలో చేసిన పనల్లా నీళ్ళలో ఫ్లోరైడ్ ఇంత ఉండి, క్షారత ఇంత ఉంటే పటిక ఎంత వేయాలి, సున్నం ఎంత, ఎంతసేపు కలపాలి, ఎంతసేపు తేరనివ్వాలి అని కూర్చొని లెక్క తేల్చడం. వినడానికి ఏముంది ఇందులో అనిపిస్తుంది. కానీ రీసెర్చ్‌లో ఎక్కువ భాగం ఇదే.

పైగా ఇది ఒక్కరి పని కాదు, ఒక్క తరం పని కూడా కాదు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను, అంటే ఫ్లోరైడ్ నీళ్ళతో పళ్ళు, ఎముకలు పాడయ్యే జబ్బును, నెల్లూరు ప్రాంతంలో గుర్తించి రాసింది 1937లో. నల్లగొండ జిల్లా గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది 1955లో. మన దగ్గరి పిల్లల్లో మోకాళ్ళు ఒకదానికొకటి తగిలేలా కాళ్ళు వంగిపోవడం గురించి హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు లాన్సెట్‌లో రాసింది 1973లో. మధ్యలో పద్దెనిమిదేళ్ళు, మళ్ళీ పద్దెనిమిదేళ్ళు. “ఇంకెన్నేళ్ళురా నీ పీహెచ్‌డీ” అని అడిగే మా బాబాయికి నేను ఈ లెక్కే చెప్పేవాడిని. ఆయనకు నచ్చేది కాదనుకోండి.

అపోహ: ల్యాబ్‌లో పనిచేసిందంటే ఊళ్ళో కూడా పనిచేస్తుంది.

దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నేను దెబ్బ తిన్నది ఇక్కడే.

చాలామంది ఏం చేస్తారంటే డిస్టిల్డ్ వాటర్‌లో సోడియం ఫ్లోరైడ్ కలిపి, దాంట్లో తమ పొడి వేసి (బొగ్గు, చింతగింజలు, మునగ, ఏదైనా సరే) ఇంత శాతం ఫ్లోరైడ్ పోయింది అని రాసేస్తారు. మన గ్రానైటు రాళ్ళ కింది నీళ్ళు అలా ఉండవు. వాటిలో బైకార్బనేట్ దండిగా ఉంటుంది, క్షారగుణం ఎక్కువ, కాల్షియం తక్కువ. యాక్టివేటెడ్ అల్యూమినా లాంటి మంచి పదార్థం కూడా పీహెచ్ (నీళ్ళ ఆమ్ల, క్షార గుణాల కొలత) ఆరు దగ్గర చూపే పనితనం ఎనిమిది దగ్గర చూపదు, పైగా ఫ్లోరైడ్ కూర్చోవాల్సిన చోట బైకార్బనేట్ వచ్చి కూర్చుంటుంది. మర్రిగూడ నీళ్ళు పోసేసరికి డిస్టిల్డ్ వాటర్ రిజల్ట్ సగంలో సగం కూడా రాని రోజులు నాకు ఉన్నాయి.

అది కూడా పెద్ద దెబ్బ కాదు. అసలు దెబ్బ కొలతలో తగిలింది. ఫ్లోరైడ్‌ను మేము ఎలక్ట్రోడ్‌తో కొలుస్తాం. కొలిచే ముందు నీళ్ళు ఎంత ఉంటే అంతే బఫర్ అనే ద్రావణం కలపాలి. అందులో సీడీటీఏ అనే పదార్థం ఉంటుంది, దాని పని అల్యూమినియంను పట్టుకొని ఫ్లోరైడ్‌ను విడిపించడం. ఒకసారి ఆ సీడీటీఏ పొడి అయిపోయింది. కొత్తది రావడానికి ఆఫీసులో ఫైలు కదలాలి, ఫైలు సంగతి మీకు తెలుసు. పోనీలే అని అది లేకుండానే బఫర్ కలిపి పని కానిచ్చాను. రీడింగులు అద్భుతం! పటిక వేసిన నీళ్ళలో ఫ్లోరైడ్ దాదాపు మాయం. గైడ్ గారికి గ్రాఫు చూపించాను, ఇంట్లో స్వీట్లు కూడా తెచ్చాను.

నెల తర్వాత పొడి వచ్చింది. ఎందుకో అనుమానం వచ్చి, దాచిపెట్టిన అవే సీసాలను సరైన బఫర్‌తో మళ్ళీ కొలిచాను. ఫ్లోరైడ్ తిరిగి వచ్చేసింది. అది ఎక్కడికీ పోలేదు, పటికలోని అల్యూమినియంను అంటిపెట్టుకొని నీళ్ళలోనే ఉంది. ఎలక్ట్రోడ్‌కు విడిగా తిరిగే ఫ్లోరైడ్ మాత్రమే కనిపిస్తుంది కాబట్టి దానికి అంతా పోయినట్టే కనిపించింది. తాగే మనిషి కడుపులోకి మాత్రం రెండూ పోతాయి. ఆ నెల రోజుల నోట్‌బుక్ పేజీలు ఇప్పటికీ చింపలేదు, అడ్డంగా గీత కొట్టి పక్కన తేదీ వేసి పెట్టాను. కొత్తగా చేరే పిల్లలకు మొదట చూపించేది అవే.

అపోహ: మెడికల్ రీసెర్చ్ అంటే మన మీద మందులు ప్రయోగించడం, ఎథిక్స్ కమిటీ అంటే ఒక సంతకం.

మందుల ట్రయల్స్ ఉంటాయి, కాదనను. వాటిని మొదలుపెట్టకముందే జాతీయ రిజిస్ట్రీలో నమోదు చేయాలి. అది 2007లో మొదలైంది, 2009 నుంచి తప్పనిసరి. కానీ జిల్లాల్లో జరిగే వైద్య పరిశోధన చాలావరకు సర్వేలే, అంటే పళ్ళు చూడటం, ఎత్తు బరువు కొలవడం, ప్రశ్నలు అడగడం. దానికీ ఎథిక్స్ కమిటీ (పరిశోధనలో పాల్గొనేవాళ్ళకు అన్యాయం జరగకుండా చూసే కమిటీ) అనుమతి ఉండాల్సిందే, అదీ పని మొదలుపెట్టకముందే. అయిపోయాక వెనక తేదీ వేయించుకుందాం అనే పెద్దమనుషులు ఉన్నారు, వాళ్ళతో నేను పనిచేయను. చదువు రాని వాళ్ళయితే వేలిముద్ర ఒక్కటే సరిపోదు, ఆ టీంకు సంబంధం లేని ఒక సాక్షి పక్కన ఉండి, తెలుగులో చెప్పింది వాళ్ళకు అర్థమైందని సంతకం పెట్టాలి.

ఇక ఇంజనీరైన నాకు ఆశ్చర్యం కలిగించింది ఇంకోటి. పిల్లల పళ్ళ మీద ఫ్లోరైడ్ మచ్చలకు డాక్టర్లు గ్రేడ్ వేస్తారు, డీన్ అనే ఆయన పెట్టిన స్కేలు. ఒకే అబ్బాయిని ఇద్దరు డెంటిస్టులు చూస్తే ఒకరు ‘స్వల్పం’ అన్నారు, ఒకరు ‘మధ్యస్థం’ అన్నారు. నేనైతే ఎవరో ఒకరు తప్పు అనుకున్నాను. కాదు, మనిషి కంటితో కొలిచే చోట ఇది ఉండేదే. అందుకే సర్వేకు ముందు ఇద్దరూ అవే పళ్ళను విడివిడిగా చూసి, ఇద్దరికీ ఎంత పొంతన కుదిరిందో కప్పా అనే లెక్కతో చూస్తారు, కుదరకపోతే మళ్ళీ కూర్చొని నేర్చుకుంటారు. మా ఎలక్ట్రోడ్‌కు కాలిబ్రేషన్ ఎట్లనో, వాళ్ళ కళ్ళకు అది అట్ల.

అపోహ: మిషన్ భగీరథ నల్లా నీళ్ళు వచ్చాయి కదా, ఇంకా ఫ్లోరైడ్ రీసెర్చ్ ఎందుకు?

2016 తర్వాత ఒక్కో ఊరికి కృష్ణా నీళ్ళు చేరుతూ వచ్చాయి, మంచిదే, చాలా మంచిది. కానీ శాశ్వత దంతాల పైపొర తయారయ్యేది పుట్టినప్పటి నుంచి సుమారు ఎనిమిదేళ్ళ వరకు. ఆ పళ్ళు చిగుళ్ళలోంచి బయటికి వచ్చేది ఆరేళ్ళ నుంచి పన్నెండు, పదమూడేళ్ళ మధ్య. అంటే నల్లా నీళ్ళు వచ్చాక పుట్టిన పిల్లల నోట్లో ఫలితం కనిపించేది ఇప్పుడే. నల్లా నీళ్ళు నిజంగా ఇంట్లో తాగుతున్నారా, వంటకు మాత్రం బోరే వాడుతున్నారా అనేది కూడా ఆ పళ్ళే చెబుతాయి. పాతికేళ్ళ కింద వంగిన కాళ్ళు ఎలాగూ తిరిగి నిటారుగా కావు. ఇప్పుడు ఆపేద్దాం అనడం పంట చేతికొచ్చే వేళకు చేను వదిలేసి పోవడం లాంటిది.

అపోహ: ఏఐ మోడల్‌కు 98 శాతం అక్యురసీ వచ్చిందంటే అది డాక్టర్‌తో సమానం.

మా దగ్గర కంప్యూటర్ సైన్స్ పిల్లలు ఫోన్ ఫొటో తీసి పంటి మచ్చను గుర్తించే మోడల్ ఒకటి చేశారు. మొదటి వారమే భలే నంబర్ వచ్చింది. నాకు నా స్వీట్ల డబ్బా గుర్తొచ్చి, “ఫొటోలను ఎట్ల విడదీసిండ్రు?” అని అడిగాను. ఒక్కో పిల్లవాడివి నాలుగైదు ఫొటోలు ఉన్నాయి, అన్నిటినీ కలిపి పేకముక్కల్లా కలియబెట్టి కొన్ని నేర్పడానికి, కొన్ని పరీక్షకు పెట్టారు. అంటే పరీక్షలో వచ్చిన పిల్లవాడి పళ్ళను మోడల్ ముందే చూసేసింది. మనిషి వారీగా విడదీసి, ఒక బడి పిల్లలను పూర్తిగా పక్కన పెట్టి మళ్ళీ చేస్తే నంబర్ బాగా పడిపోయింది. పిల్లల ముఖాలు కూడా పడిపోయాయి, పాపం. కానీ పనికొచ్చే నంబర్ ఆ రెండోదే.

ఇంకో చిన్న లెక్క. వందమందిలో 95 మందికి ఏ జబ్బూ లేకపోతే, అందరికీ ‘జబ్బు లేదు’ అని చెప్పే మోడల్‌కు 95 శాతం అక్యురసీ వస్తుంది, అది ఒక్క రోగిని కూడా పట్టుకోకపోయినా సరే. కాబట్టి ఎవరైనా అక్యురసీ ఒక్కటే చెబితే, ఉన్న రోగుల్లో ఎంతమందిని పట్టుకుంది అని అడగండి.

అపోహ: ‘ఇంటర్నేషనల్ జర్నల్’ అని ఉంటే చాలు.

మూడు రోజుల్లో పబ్లికేషన్, సర్టిఫికెట్ ఫ్రీ అని వాట్సాప్‌లో మెసేజీలు వస్తుంటాయి కదా, అవి జర్నల్స్ కావు, జిరాక్స్ షాపులు. అసలు జర్నల్‌లో ఇద్దరు ముగ్గురు తెలిసినవాళ్ళు చదివి, తిట్టి, తిప్పి పంపుతారు. నెలలు పడుతుంది. ఈ దందా మన దగ్గర చిన్నదేం కాదు, హైదరాబాద్‌కు చెందిన ఒక ప్రచురణ సంస్థ మీద అమెరికా కోర్టు 2019లో 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పు ఇచ్చింది. యూజీసీ (యూనివర్సిటీలను చూసే కేంద్ర సంస్థ) వాళ్ళ కేర్ లిస్టు, అంటే మంచి జర్నల్స్ జాబితా, చూసి గుడ్డిగా నమ్మేవాళ్ళం, 2025లో దాన్నీ ఎత్తేశారు, ఇక ఎవరికి వాళ్ళు చదివి తేల్చుకోవాల్సిందే. ఇంకో సంగతి, కంప్యూటర్ సైన్స్‌లో పెద్ద కాన్ఫరెన్స్ పేపర్‌కు జర్నల్ కన్నా విలువ ఎక్కువ, మెడికల్‌లో కాన్ఫరెన్స్ అంటే ఒక పేజీ సారాంశమే. ఒకరి కొలబద్ద పెట్టి ఇంకొకరిని కొలిచే ప్రమోషన్ కమిటీలను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

చిన్నవి కొన్ని గబగబా చెప్పేస్తాను. ప్లేజరిజం 10 శాతం లోపు ఉంటే ఓకే అంటే పది శాతం కాపీ కొట్టొచ్చు అని కాదు, ఆ లోపు పోలికకు 2018 యూజీసీ నియమాల్లో శిక్ష లేదని మాత్రమే. థీసిస్ ఇవ్వాలంటే ముందు పేపర్లు వేసి తీరాలన్న రూలును యూజీసీ 2022లో తీసేసింది, మీ యూనివర్సిటీ అడుగుతుందేమో కనుక్కోండి. ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ 2025 జనవరి నుంచి నడుస్తోంది, ప్రభుత్వ విద్యాసంస్థల వాళ్ళకు సుమారు 13,000 జర్నల్స్ దొరుకుతాయి. మాలాంటి ప్రైవేటు కాలేజీల వాళ్ళం మాత్రం ఇంకా రాసినవాళ్ళకే మెయిల్ పెట్టి అడుక్కుంటున్నాం. సిగ్గుపడకండి, చాలామంది సంతోషంగా పంపిస్తారు. థీసిస్‌లైతే శోధ్‌గంగ అనే వెబ్‌సైటులో ఎవరికైనా ఉచితం. చాట్‌బాట్ ఇచ్చిన రిఫరెన్సులను ఒక్కొక్కటీ తెరిచి చూడకుండా పెట్టకండి, లేని పేపర్లను ఉన్నట్టే చూపిస్తుంది.

అపోహ: రిజల్ట్ అంటే జర్నల్‌కు ఇవ్వాల్సింది, ఊరికి కాదు.

నేనూ చాలాకాలం అట్లనే ఉన్నాను. పేపర్ వచ్చింది, డిగ్రీ వచ్చింది, నీళ్ళు పట్టుకున్న బోరింగులకు నేను పెట్టిన నంబర్లు నాకే గుర్తున్నాయి, ఊళ్ళో ఎవరికీ తెలియవు. పోయిన ఎండాకాలం ఆ పట్టికను పెద్ద అక్షరాల తెలుగులో ఒక చార్టు మీద రాసి తీసుకుపోయాను. బోరు ఎవరి చేను పక్కన ఉంది, లీటరులో ఎన్ని మిల్లీగ్రాములు వచ్చింది, ఒకటి దాటితే మంచిది కాదు, వేరే దిక్కు లేకపోతే ఒకటిన్నర వరకే. గ్రామపంచాయతీ గోడకు అతికించాం. పెద్దమ్మ వాళ్ళ బోరు ఒకటిన్నర దాటిన వరుసలో ఉంది.

ఆమె చార్టు ముందు నిలబడి, “మరి కాగబెడితే పోతదా?” అని అడిగింది. పోదు పెద్దమ్మా, నీళ్ళు ఆవిరవుతాయి, అది అడుగున మిగులుతుంది, కాగినకొద్దీ ఇంకా చిక్కబడుతుంది అని చెప్పాను.

“గిన్నేండ్ల సంది కాగబెట్టే తాగుతున్నం గదరా. పిల్లలకైతే ఇంకింత ఎక్కువ కాగబెట్టి పోస్తుంటి.”

మా సర్వే ఫారంలో నలభై రెండు ప్రశ్నలు ఉన్నాయి, ముగ్గురు ప్రొఫెసర్లు, ఇద్దరు డాక్టర్లు చూసి ఓకే చేసినవి. ఇది అందులో లేదు. నలభై మూడోది చేర్చి, మార్పు కోసం మళ్ళీ ఎథిక్స్ కమిటీకి పంపించాం.