లార్జ్ క్యాప్ ఫండ్ పక్కన ‘గ్రోత్’: ఆ మాట వెనక ఏముంది?

మా వీధి చివర ఉండే లెక్కల మాస్టారు రిటైరై పదేళ్లయింది. పోయిన నెల ఒక కాగితం పట్టుకుని మా ఇంటికొచ్చారు. మ్యూచువల్ ఫండ్ స్టేట్‌మెంట్ అది. మడతలు విప్పి, బల్ల మీద పరిచి, ఒక లైను కింద వేలు పెట్టారు. ‘లార్జ్ క్యాప్ ఫండ్ – రెగ్యులర్ ప్లాన్ – గ్రోత్’ అని ఉంది.

“పెద్ద కంపెనీలు, అందులోనూ బాగా పెరిగేవి. అంతే కదా బాబూ?” అన్నారు.

“పెద్ద కంపెనీలన్నది నిజమే మాస్టారూ. ఆ గ్రోత్ మాత్రం మీరనుకునే గ్రోత్ కాదు” అన్నాను.

ఆయన ఐదేళ్లుగా నెలనెలా కడుతున్నారు. ఫండ్ పేరులో ఉన్న మాటకి అర్థం ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు. ఆ లైను చూసి ఆయనలాగే అనుకునేవాళ్లు నాకు చాలామందే తెలుసు. ఆ లైనులోని ఒక్కో మాటా ఎప్పుడు, ఎందుకు వచ్చిందో చూస్తే, చాలావాటి వెనక డబ్బు పోగొట్టుకున్న మామూలు జనం కనిపిస్తారు.

ముందు గ్రోత్ సంగతి. మన దేశంలో ఫండ్ పేరు చివర గ్రోత్ అని ఉంటే, వచ్చిన లాభాన్ని మీ చేతికివ్వకుండా ఫండ్‌లోనే ఉంచుతారని అర్థం. లిక్విడ్ ఫండ్‌కీ గ్రోత్ ఉంటుంది, బాండ్ల ఫండ్‌కీ ఉంటుంది. అది ఎలాంటి కంపెనీలు కొంటారో చెప్పే మాట కాదు. దీనికి బదులు ఎంచుకోగల రెండో పద్ధతిని చాలా ఏళ్లు డివిడెండ్ అనేవాళ్లు. 100 రూపాయల విలువున్న యూనిట్ (ఫండ్‌లో మీ వాటా) మీద 8 రూపాయల డివిడెండ్ ఇస్తే, ఆ రోజు యూనిట్ విలువ 92కి దిగుతుంది. ఒక జేబులోంచి తీసి ఇంకో జేబులో పెట్టడమే తప్ప కొత్తగా వచ్చిందేమీ లేదు. కానీ డివిడెండ్ అన్న పేరు వినగానే జనం దాన్ని అదనపు రాబడి అనుకున్నారు. ఏజెంట్లు కొందరు అలాగే చెప్పి అమ్మారు. అందుకే మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2021 ఏప్రిల్ 1 నుంచి ఆ పేరు తీయించేసింది. ఇప్పుడు దాన్ని ఐడీసీడబ్ల్యూ, అంటే ‘ఇన్‌కమ్ డిస్ట్రిబ్యూషన్ కమ్ క్యాపిటల్ విత్‌డ్రాయల్’ అంటున్నారు. ఆదాయంతో పాటు మీ అసలు కూడా కొంత వెనక్కి వస్తోందని ఆ పొడుగాటి పేరే చెబుతుంది. డివిడెండ్ పేరు మారింది గానీ గ్రోత్ అలాగే ఉండిపోయింది.

మరి మాస్టారు అనుకున్న అర్థం ఎక్కడిది? అది అమెరికాది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉద్యోగం చేస్తున్న మనవాళ్లు తమ 401కె అనే రిటైర్మెంట్ ఖాతాలో ‘లార్జ్ గ్రోత్ ఫండ్’ ఎంచుకున్నామంటే, వాళ్లు చెప్పేది నిజంగానే వేగంగా పెరిగే పెద్ద కంపెనీల గురించి. బాల్టిమోర్‌లో టి. రో ప్రైస్ అనే ఆయన 1950లో గ్రోత్ స్టాక్ ఫండ్ పెట్టారు. ధరల పెరుగుదల కంటే, దేశ ఆర్థిక వ్యవస్థ కంటే వేగంగా లాభాలు పెంచుకునే కంపెనీలను ఏరి, ఏళ్ల తరబడి అట్టిపెట్టుకోవాలన్నది ఆయన పద్ధతి. 1970ల మొదట్లో ఆ ఆలోచన ముదిరి, యాభై పెద్ద కంపెనీలను ఎంత ధరకైనా కొనొచ్చు, ఎప్పటికీ అమ్మక్కర్లేదు అనే దాకా పోయింది. వాటికి ‘నిఫ్టీ ఫిఫ్టీ’ అని పేరు. 1973-74 పతనంలో వాటిలో ఒకటైన పోలరాయిడ్ షేరు ధర పదో వంతుకు పడిపోయింది. ఆ కంపెనీ 2001లో దివాలా తీసింది. కంపెనీ మంచిదే కావచ్చు, కొన్న ధర మాత్రం మంచిది కాదు. మన స్టాక్ ఎక్స్చేంజి ఎన్ఎస్ఈ 1996లో మొదలుపెట్టిన సూచీ నిఫ్టీకీ దీనికీ సంబంధం లేదు, మన నిఫ్టీ ‘నేషనల్ ఫిఫ్టీ’ని కలిపి చేసిన పేరు.

ఇక్కడి కథ 1964లో మొదలైంది. టి.టి. కృష్ణమాచారి ఆర్థిక మంత్రిగా ఉండగా, పార్లమెంటు చట్టంతో యూనిట్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా (యూటీఐ) ఏర్పడింది. దాని మొదటి స్కీమ్ యూనిట్ స్కీమ్ 64, పొట్టిగా యూఎస్ 64. యూనిట్ పది రూపాయలు. బ్యాంకు డిపాజిట్ తప్ప ఇంకేం తెలియని ఇళ్లలోకి షేర్ల డబ్బు మొదటిసారి ఆ దారిలోనే వచ్చింది. మా నాన్నగారి ఇనప్పెట్టెలో పొలం దస్తావేజుల పక్కనే ఆ సర్టిఫికెట్ ఉండేది. గులకరాయిలా గట్టిదనుకున్నాం దాన్ని. ఏటా డివిడెండ్ వచ్చేది, ఎప్పుడు ఇచ్చినా వాళ్లే వెనక్కి కొనేవాళ్లు.

లోపం ఆ వెనక్కి కొనే ధరలోనే ఉంది. ఇప్పుడు ఫండ్ చేతిలోని షేర్ల విలువను ఏ రోజుకారోజు లెక్కగట్టి, యూనిట్ల సంఖ్యతో భాగించి ఎన్ఏవీ ప్రకటిస్తారు. యూఎస్ 64కి అలా కాదు. ధర యూటీఐ నిర్ణయించేది. 1990ల్లో ఆ స్కీమ్ డబ్బులో ఎక్కువ భాగం షేర్లలోకి వెళ్లింది. మార్కెట్ పడినా ప్రకటించిన ధర పడలేదు. 1998లోనే నిల్వలు ఖాళీ అయ్యి మైనస్‌లోకి వెళ్లాయని బయటపడింది, ప్రభుత్వం ఆదుకుంది. 2001 జూలై 2న ఆరు నెలల పాటు అమ్మకాలు, తిరిగి కొనడాలు ఆపేస్తున్నామని యూటీఐ ప్రకటించింది. అంతకు కొన్ని వారాల ముందు 14 రూపాయల పైన కొన్న యూనిట్ అసలు విలువ, ఆ డిసెంబర్ ఆఖరుకి చూస్తే 6 రూపాయల లోపే. అందులో దేశమంతా కలిపి దాదాపు 2 కోట్ల మంది డబ్బుంది.

ఆ జూలైలో మా నాన్నగారు రోజూ పేపర్ రాగానే ముందు వ్యాపారం పేజీ తీసేవారు. అంతకుముందు ఆ పేజీ ఆయన ముట్టుకునేవారే కాదు. చిన్న మదుపరులకు ప్రభుత్వం కొంతమేర పది రూపాయలకు తగ్గకుండా ధర కట్టించింది, చివరకు మిగిలిన యూనిట్లను 6.75 శాతం బాండ్లుగా మార్చారు. 2003లో యూటీఐ రెండు ముక్కలైంది. రోజూ ఎన్ఏవీ ప్రకటించడం ఇప్పుడు మనకి మామూలు సంగతి. ఆ అంకె లేకపోతే ఏమవుతుందో దేశానికి చూపించింది మాత్రం యూఎస్ 64.

ఇదంతా జరుగుతుండగానే పెద్ద కంపెనీల షేర్ల ఫండ్లు వేరుగా పుట్టాయి. యూటీఐ 1986లో తెచ్చిన మాస్టర్‌షేర్ మన మొదటి ఈక్విటీ ఫండ్. అది నేటికీ నడుస్తోంది, ఇప్పటి పేరు యూటీఐ లార్జ్ క్యాప్ ఫండ్. 1993లో ప్రైవేటు కంపెనీలకు తలుపులు తెరిచారు. మరుసటి ఏడాది జనవరిలో వచ్చిన ఫండ్ పేరులోనే ‘గ్రోత్’ ఉంది.

అదే మోర్గాన్ స్టాన్లీ గ్రోత్ ఫండ్. హర్షద్ మెహతా కుంభకోణం బయటపడి రెండేళ్లు కూడా కాలేదు, అయినా మార్కెట్ మళ్లీ ఊపు మీదుంది. ప్రపంచ ప్రసిద్ధ విదేశీ సంస్థ, పది రూపాయల యూనిట్, ముందొచ్చినవాళ్లకే దొరుకుతుందన్న ప్రచారం. జనం తెల్లవారకుండానే క్యూ కట్టారు. దరఖాస్తు ఫారాలు కూడా బ్లాకులో అమ్ముడుపోయాయి. దాదాపు 1,000 కోట్ల రూపాయలు పోగయ్యాయి. షేరు ఇష్యూలకు అలవాటు పడిన కళ్లకు ఇదీ ఇంకో షేరులాగే కనిపించింది. లిస్ట్ అవ్వగానే రెట్టింపు అవుతుందనుకున్నారు. కానీ ఫండ్ యూనిట్ అలాంటిది కాదు. పది రూపాయలు తీసుకుంటే దాని వెనక పది రూపాయల సరుకే ఉంటుంది. ఆ సరుకు పెరిగితేనే యూనిట్ పెరుగుతుంది.

పైగా అది పదిహేనేళ్ల క్లోజ్‌డ్ ఫండ్. మధ్యలో డబ్బు కావాలంటే స్టాక్ ఎక్స్చేంజిలో ఎవరో ఒకరు కొనాలి. కొనేవాళ్లు అసలు విలువ కంటే బాగా తక్కువకు అడిగారు. క్యూలో నిలబడి కొన్నవాళ్లు ఏళ్ల తరబడి పది రూపాయలు కూడా చూడలేకపోయారు. ఇష్యూ సమయంలోనే కలకత్తా వినియోగదారుల ఫోరానికి ఫిర్యాదు వెళ్లింది. అది సుప్రీంకోర్టు దాకా పోతే, 1994 మేలో కోర్టు ఒక మాట తేల్చింది. యూనిట్లు కేటాయించే దాకా దరఖాస్తుదారు వినియోగదారుడు కాడని చెప్పింది. ఆ తీర్పు మదుపరుల కేసుల్లో తర్వాత చాలాసార్లు ప్రస్తావనకు వచ్చింది.

ఆ ఫండ్‌కి తర్వాత పట్టిన పేర్లు చూడండి. 2009లో ఓపెన్ ఫండ్, అంటే ఎప్పుడంటే అప్పుడు యూనిట్లు వెనక్కి కొనే ఫండ్ అయింది. మోర్గాన్ స్టాన్లీ ఇక్కడి ఫండ్ వ్యాపారాన్ని హెచ్‌డీఎఫ్‌సీకి అమ్మాక, 2014లో హెచ్‌డీఎఫ్‌సీ లార్జ్ క్యాప్ ఫండ్ అయింది. 2018లో గ్రోత్ ఆపర్చునిటీస్ ఫండ్ అయింది. ఆ తర్వాత లార్జ్ అండ్ మిడ్ క్యాప్ ఫండ్. హెచ్‌డీఎఫ్‌సీ లార్జ్ క్యాప్ అన్న పేరు ఇప్పుడు వేరే ఫండ్‌కి ఉంది. 1994లో కొన్న యూనిట్లను ఇంకా దాచుకున్న ఇంట్లో పిల్లలు పాత కాగితం తీసి చూస్తే, అది ఇప్పుడు ఏ పేరుతో ఉందో కనుక్కోవడానికే ఒక పూట పడుతుంది.

2018లో ఈ పేర్లన్నీ మారడానికి కారణం సెబీ 2017 అక్టోబర్ 6న ఇచ్చిన సర్క్యులర్. దీన్ని నేను మన ఫండ్ చరిత్రలో చాలా మంచి పనిగా చూస్తాను. అంతకుముందు పెద్ద కంపెనీ అంటే ఏదో ఎవరికి వాళ్లు చెప్పుకునేవాళ్లు. పేరు బ్లూచిప్ అని ఉండేది, లోపల చిన్న కంపెనీలూ ఉండేవి. ఆ సర్క్యులర్ గీత గీసింది. మార్కెట్ విలువలో మొదటి 100 కంపెనీలే లార్జ్ క్యాప్, 101 నుంచి 250 దాకా మిడ్ క్యాప్, ఆ తర్వాతవన్నీ స్మాల్ క్యాప్. లార్జ్ క్యాప్ అని పేరు పెట్టుకుంటే 80 శాతం డబ్బు ఆ వందలోనే పెట్టాలి. జాబితాను ఫండ్ల సంఘం యాంఫీ ఆరు నెలలకోసారి కొత్తగా ఇస్తుంది. మొదట్లో 30 వేల కోట్ల దగ్గర విలువుంటే ఆ వందలో చోటు దొరికేది, 2025 మొదటికి అది లక్ష కోట్ల దగ్గరికి చేరింది.

ఆ సర్క్యులర్లోని ఫండ్ రకాల్లో వాల్యూ ఉంది, కాంట్రా ఉంది, డివిడెండ్ యీల్డ్ ఉంది. గ్రోత్ అనే రకం లేదు. అంటే మాస్టారు వెతికిన ‘పెద్ద కంపెనీల గ్రోత్ ఫండ్’ అన్న విభాగమే మన దగ్గర లేదు. ఏ లార్జ్ క్యాప్ ఫండ్ వేగంగా పెరిగే కంపెనీలను కొంటుందో, ఏది చవగ్గా దొరికేవాటిని కొంటుందో పేరు చెప్పదు. నెలనెలా వచ్చే ఫ్యాక్ట్‌షీట్ తీసి, ఏ షేర్లున్నాయో, వాటి ధర లాభానికి ఎన్ని రెట్లుందో చూసుకోవాల్సిందే.

పెద్దది కాబట్టి పడిపోదనే నమ్మకం గురించి హైదరాబాద్‌లో వేరే చెప్పక్కర్లేదు. సత్యం కంప్యూటర్స్ సెన్సెక్స్‌లోనూ నిఫ్టీలోనూ ఉన్న కంపెనీ. 2009 జనవరి 7న రామలింగరాజు లేఖ బయటికొచ్చింది. లేని నగదు 5,000 కోట్ల పైన ఉన్నట్టు లెక్కల్లో చూపించారు. ఒక్క రోజులో షేరు ధరలో ముప్పాతిక వంతుకు పైగా పోయింది. దాచుకున్నదంతా ఆ ఒక్క షేరులో పెట్టిన ఉద్యోగుల ఇళ్లలో ఆ రాత్రి ఎవరికీ నిద్ర లేదు. అదే షేరు యాభై షేర్లున్న ఫండ్‌లో రెండు మూడు శాతమే ఉండి ఉంటే, దెబ్బ తగులుతుంది గానీ ఇల్లు కూలదు. ఫండ్ చేసే మేలు ఇంతే, ఇది చిన్న మేలేం కాదు.

గీత గీశాక ఇంకో నిజం బయటపడింది. 2018 ఫిబ్రవరి నుంచి ఫండ్లు తమ రాబడిని కంపెనీలిచ్చే డివిడెండ్లు కలిపిన సూచీతోనే పోల్చి చూపాలని సెబీ అంది. అంతకుముందు డివిడెండ్లు కలపని సూచీతో పోల్చేవాళ్లు, అంటే ఏటా ఒక శాతం పైగా ఊరికే ముందున్నట్టు కనిపించేది. ఆ సౌకర్యం పోయింది, మిడ్ క్యాప్ షేర్లను దండిగా కలుపుకునే వీలూ పోయింది. అప్పటి నుంచి చాలా లార్జ్ క్యాప్ ఫండ్లు నిఫ్టీ కంటే వెనకబడుతూ వస్తున్నాయి. వంద కంపెనీలనూ వందల మంది విశ్లేషకులు రోజూ చూస్తుంటే, ఒక్క మేనేజర్‌కి మాత్రమే కనిపించేది ఎంత మిగులుతుంది? ఉద్యోగుల పీఎఫ్ డబ్బు చూసే ఈపీఎఫ్‌వో 2015 ఆగస్టులో మొదటిసారి షేర్లలోకి వచ్చినప్పుడు కూడా సూచీలోని షేర్లనే కొనిపెట్టుకునే నిఫ్టీ, సెన్సెక్స్ ఈటీఎఫ్‌లనే ఎంచుకుంది. అప్పుడు కార్మిక మంత్రి మన సికింద్రాబాద్ ఎంపీ బండారు దత్తాత్రేయ.

మాస్టారి కాగితంలో ఇంకో మాట మిగిలింది, రెగ్యులర్. 2009 ఆగస్టు దాకా మీరు 10,000 పెడితే మొదటే 225 రూపాయల దాకా కోసేవాళ్లు. దాన్ని ఎంట్రీ లోడ్ అనేవాళ్లు. సెబీ దాన్ని ఎత్తేసింది. 2013 జనవరి నుంచి ఏజెంటు లేకుండా నేరుగా కొనే డైరెక్ట్ ప్లాన్ వచ్చింది. రెగ్యులర్‌లో ఏజెంటు కమిషన్ ఏటా మీ డబ్బులోంచే పోతూ ఉంటుంది, స్టేట్‌మెంట్‌లో అది విడిగా కనబడదు. సలహా చెప్పి, భయపడినప్పుడు ఆపి, నామినీ పని దాకా చూసిపెట్టే ఏజెంటుకి ఆ డబ్బు ఇవ్వడంలో తప్పు లేదు. ఐదేళ్లలో ఒక్కసారి కూడా ఫోన్ చేయని ఏజెంటుకి ఎందుకివ్వాలన్నదే ప్రశ్న.

మాస్టారు నా పెన్ను తీసుకుని స్టేట్‌మెంట్ వెనక లెక్క వేశారు. నెలకి 5,000 చొప్పున 20 ఏళ్లు. 12 శాతం పెరిగితే 49 లక్షల పైన. ఖర్చు ఒక శాతం ఎక్కువై 11 శాతమే మిగిలితే 43 లక్షల పైన. రెండింటికీ మధ్య గీత గీసి తీసేశారు, ఆరు లక్షలు దాటింది. “ఇప్పుడు మారిపోతే?” అన్నారు. ఒక ప్లాన్‌లోంచి ఇంకో ప్లాన్‌కి మారితే అమ్మి కొన్నట్టే లెక్క, ఏడాది దాటిన యూనిట్ల మీద ఏటా 1.25 లక్షలు దాటిన లాభానికి 12.5 శాతం పన్ను పడుతుందని చెప్పాను. కొత్తగా కట్టే నెల వాయిదాలను మాత్రం వచ్చే నెల నుంచే మార్చుకోవచ్చు, పాతవాటిని పన్ను పడనంత మేర ఏటా కొంచెం కొంచెంగా మార్చొచ్చు.

ఆయన ఆ రెండు మాటలూ లెక్క కిందే రాసుకుని, తేదీ వేసి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.