రెండు సీట్లు, ఒకే మనిషి

పిల్లలకు ఆశీస్సులు.

మొన్న ఫోన్లో మన చిన్నది అడిగింది: "ఒకాయన రెండు ఊళ్లలో నిలబడి రెండు చోట్లా గెలిస్తే, రెండు కుర్చీల్లో ఎలా కూర్చుంటాడు తాతయ్యా?"

కూర్చోలేడమ్మా. పండగ రద్దీలో బస్సు చూశావుగా. ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు ఆపుకుంటారు. కొందరైతే ముందు సీట్లో తువ్వాలు, వెనక సీట్లో సంచీ వేస్తారు, ఏదో ఒకటి దక్కుతుందని. రెండు నామినేషన్లూ అంతే.

ఒకప్పుడు ఎన్ని తువ్వాళ్లు వేసినా అడిగేవారు లేరు. 1957లో వాజపేయిగారు లక్నో, మథుర, బలరాంపూర్, మూడు చోట్ల లోక్‌సభకు నిలబడి బలరాంపూర్‌లో మాత్రం గెలిచారు. 1996లో చట్టం మార్చి, లోక్‌సభకైనా అసెంబ్లీకైనా రెండుకు మించి కుదరదన్నారు. లోక్‌సభకు రెండూ గెలిస్తే 14 రోజుల్లో ఒకటి వదులుకోవాలి. వదలకపోతే కండక్టర్ రెండిట్లోంచీ లేపేస్తాడు, అంటే రెండు సీట్లూ పోతాయి!

1985లో నేను మీ అంతవాణ్ణి. మాది గుడివాడ దగ్గర పల్లె. ఎన్టీ రామారావుగారు గుడివాడ, హిందూపురం, నల్గొండ, మూడింట్లోనూ గెలిచారు. సైకిళ్లకు పసుపు జెండాలు కట్టి ఊరంతా తిరిగాం. తీరా ఆయన హిందూపురం ఉంచుకున్నారు. మాకు మళ్లీ ఎన్నికలు. "మొన్నేగా వేశాను, మళ్లీ ఏమిట్రా?" అంది మా నాయనమ్మ. అయినా ఉతికిన చీర కట్టుకుని వెళ్లి వరసలో నిలబడింది.

బస్సులో తువ్వాలు తీస్తే నిలబడ్డవాళ్లెవరో కూర్చుంటారు. ఇక్కడ మాత్రం ఆ ఒక్క సీటు కోసం నియోజకవర్గం మొత్తం మళ్లీ ఓటెయ్యాలి. ఖర్చు మనందరిదీ. ఒక్క సీటే ఉండాలనీ, లేదా ఉపఎన్నిక ఖర్చు ఖాళీ చేసినవారే పెట్టుకోవాలనీ ఎన్నికల సంఘం 2004లోనే చెప్పింది. అది పార్లమెంటు తేల్చాల్సిన విషయమని 2023లో సుప్రీంకోర్టు అంది. నా మటుకు నాకు ఒక్కటే న్యాయం. మా ఊరి ఓటు అడిగినవాళ్లు మా ఊరితోనే ఉండాలి కదా.

కానీ ఓటరు చెయ్యి చిన్నదనుకోకండి. 2023లో కేసీఆర్‌గారు గజ్వేల్‌తో పాటు, రేవంత్‌రెడ్డిగారు కొడంగల్‌తో పాటు కామారెడ్డిలో కూడా నిలబడ్డారు. ఒకరు అప్పటి ముఖ్యమంత్రి, ఇంకొకరు తర్వాత ముఖ్యమంత్రి అయినవారు. కామారెడ్డి ఇద్దరినీ కాదని మూడో మనిషిని గెలిపించింది! ఎందుకని నన్నడిగితే ఏం చెప్పను? ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది.

ఈసారి నామినేషన్లు మొదలయ్యాక నాన్నని అడిగి ఎన్నికల సంఘం వెబ్‌సైట్ తెరిపించుకోండి. అభ్యర్థుల పేర్లన్నీ ఉంటాయి. ఒకే మనిషి రెండు చోట్ల కనిపిస్తే, ఆ రెండు ఊళ్లకీ మధ్య ఎంత దూరమో మ్యాప్‌లో కొలిచి నాకు రాయండి.

మీ తాతయ్య